గుండయ్య గోలెంలో మూసీ మట్టి

పాతబస్తీ జహనుమాలో గుండయ్య ముక్కుకు ఉన్నంత పేరు గుండయ్యకు లేదు. మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టుకున్నవాళ్లు ఎవరైనా సరే, ఎరువు కొన్నా, ఇంట్లో చేసుకున్నా, ఓ దోసెడు కవరులో వేసుకుని ఆయన గడప ఎక్కాల్సిందే. ఆయన లారీల షెడ్డులో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంజను చప్పుడు విని రోగం చెప్పిన రోజులు పోయి, ఇప్పుడు ఎరువు వాసన చూసి జాతకం చెబుతున్నాడు. అప్పుడూ ఇప్పుడూ ఫీజు మాత్రం ఒక చాయే.

ఈ ఏడాది ఎండాకాలం చివర్లో పక్క గల్లీ మున్నీ వచ్చింది. ఆమె గులాబీ మొక్క ఆకులు అంచుల దగ్గర మాడిపోతున్నాయి. కొన్న ఎరువు సంచిని ఈడ్చుకొచ్చి ఆయన ముందు పడేసింది.

"గుండయ్య కాకా, జర సూడు. గీ ఎరువేసిన కాడికెల్లి మొక్క గిట్లయింది. నీళ్లు మస్తు పోస్తున్న."

గుండయ్య తొందరపడే రకం కాదు. సంచిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉన్నాడు. జ్వరం చూసే డాక్టరు కూడా అంతసేపు చూడడు. తర్వాత పిడికెడు తీసి పిసికాడు. నీరు కారితే తడి ఎక్కువైనట్టు, పొడిగా రాలిపోతే తక్కువైనట్టు, లడ్డూలాగా నిలిచి వేలు తగలగానే విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. ఆఖరున ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తొలకరి నేల వాసన వస్తే ఎరువు పండినట్టు. ముక్కుపుటాలు మండితే దాన్ని మొక్క దరిదాపులకు రానివ్వకూడదు. మున్నీ సంచి దగ్గర ఆయన ముక్కు చిట్లించాడు.

"ఇది ఇంకా ఉడుకుతున్నది బిడ్డా. లోపల చెయ్యి పెడితె కాలుతున్నది. సగం ఉడికిన బువ్వ తింటే నీకు కడుపునొస్తదా లేదా? మొక్కకు గూడ గంతే. నీడకు కుప్ప పోసి, మీద గోనెసంచి కప్పు. అప్పుడప్పుడు తిరగెయ్యి. సల్లబడ్డంక ఓ గిలాసల నింపి నాలుగు మెంతులేసి సూడు. అవి మంచిగ మొలిస్తె గప్పుడు గులాబికెయ్యి."

"గింత నల్లగుంటే మంచిదనుకున్న కాకా."

"నలుపు జూసి మోసపోకు. ఎరువును సూసుడు కాదు, అదేం తిన్నదో అడగాలె."

ఇది గుండయ్య మూలమంత్రం. ఏం తిన్నదో తెలియని ఎరువును ఇంట్లోకి రానివ్వొద్దంటాడు. బస్తీ చెత్త తిన్నదైతే అందులో గాజుపెంకులు, కాలిన బ్యాటరీలు ఉంటాయి. కలుపుమందు కొట్టిన గడ్డి మేసిన పశువు పేడైతే టమాటా ఆకు ముడుచుకుపోతుంది. మాంసం, ఎముకలు కలిసినదైతే మొక్క సంగతి తర్వాత, ముందు పందికొక్కులు దిగుతాయి. ఇంతమందికి ఈ మంత్రం ఉపదేశించిన మనిషి తన వంతు వచ్చేసరికి దాన్ని గాలికి వదిలేశాడు. ఆయన చేత అంత పని చేయించింది పుంటికూర, అదే గోంగూర.

గుండయ్య పుట్టింది పురానాపూల్ దగ్గర, మూసీ ఒడ్డున. ఆ రోజుల్లో ఒడ్డు వెంబడి ఒండ్రు మీద మడులు కట్టి ఆకుకూరలు పండించేవాళ్లు. వీళ్లకూ ఒక మడి ఉండేది. తండ్రి నీళ్లు పెట్టేవాడు, తల్లి కోసి కట్టలు కట్టి, బండ మీద కడిగి, గంప నెత్తిన పెట్టుకుని అమ్మడానికి మీరాలం మండికి పోయేది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకు తిరిగొచ్చి, మట్టి కంచుట్లో పుంటికూర, పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయలు వేసి మగ్గబెట్టేది. జొన్నరొట్టె మీద ఆ కూర ఇంత పెట్టి పిల్లవాడి చేతికి ఇచ్చేది. ఆ పులుపు నాలుకకు తగలగానే చెవుల వెనక జివ్వుమనేది. దాని వెనకే ఏదో కమ్మదనం ఉండేది. దాన్ని ఏమంటారో గుండయ్యకు ఇప్పటికీ మాట దొరకలేదు.

తల్లి పోయింది. మడి ఉన్నచోట ఒకవైపు రోడ్డు వచ్చింది, ఒకవైపు గోడ లేచింది. ఆ రుచి మళ్లీ తగల్లేదు. జహనుమాలో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి ఆయన ఏటా మిద్దె మీద పుంటికూర వేస్తూనే ఉన్నాడు. ఎర్రమట్టిలో వేశాడు, చెరువు మట్టి తెప్పించి వేశాడు, గొర్రెల ఎరువు కలిపి వేశాడు. ప్రతిసారీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "కాదు" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం చూస్తే జాలేసేది. బండి తప్పిపోయిన మనిషి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు ఉండేది.

భార్య నాగమణమ్మ కొత్తలో తన వంటనే అంటున్నాడనుకుని అలిగేది.

"వండే చెయ్యి కాదు నాగమణీ. మట్టిల ఉంటది. మూసీ మట్టిల ఉండె గా రుచి," అని సర్దిచెప్పేవాడు.

"పొరుగింటి పుల్లకూర రుచి అంటరు. నీకు ఇడిసొచ్చిన ఇంటి పుల్లకూర రుచి," అనేది ఆమె.

ఆమెకూ ఓ ఎరువు డ్రమ్ము ఉంది. మెట్ల కింద, చుట్టూ చిల్లులు పొడిచిన పాత నీళ్ల డ్రమ్ము. కూరగాయల తొక్కలు, చాయ్‌పత్తి, దేవుడి ముందు వాడిన పూలు, కోడిగుడ్డు పెంకులు, ఊడ్చిన ఎండుటాకులు అన్నీ అందులోకే. ఆ ఎరువు వేసి ఒక పగిలిన బకెట్‌లో ఆమె కూడా ఇంత పుంటికూర పెంచుతుంది. బస్తీ అంతా ఎరువులు పిసికి చూసే గుండయ్య ఆ డ్రమ్ములో మాత్రం ఏనాడూ చెయ్యి పెట్టలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. అడిగితే, "దానికి వాసనే లేదు," అని తేల్చేసేవాడు.

వానలు మొదలవుతూనే కూతురు స్రవ్య పుట్టింటికి వచ్చింది. ఒక్కతే బిడ్డ, ఉప్పల్‌లో కాపురం. పెళ్లయిన చాలా ఏళ్లకు నిలిచిన కడుపు. అన్నం ఉడికే వాసన వస్తే చాలు వాంతి. బత్తాయి రసం నిలవలేదు, మరమరాలు నిలవలేదు. మనిషి చిక్కి సగమైంది. ఇట్లాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి సెలైన్లు ఎక్కించాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పి పంపింది. గుండయ్యకు ఆ ఫికర్‌తో మిద్దె ఎక్కడమే తగ్గిపోయింది. ఏదో ఒకటి బిడ్డ నోట్లోకి పోవాలి, పోయింది లోపల ఉండాలి. ఇంట్లో అంతకుమించి కోరిక లేదు.

ఒకరోజు మధ్యాహ్నం చాప మీద పడుకున్న స్రవ్య మెల్లగా అంది.

"బాపూ, నువ్వు నా చిన్నప్పటికెల్లి జెప్తుంటివి గదా, నాయనమ్మ పుంటికూర. గదైతే తినబుద్ధయితుంది."

గుండయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు ఆయన ఒక్కడే మోసిన ఆకలి అది. ఇప్పుడు బిడ్డ నోటి నుంచి వచ్చింది. నాగమణమ్మ అప్పటికప్పుడు బజారు నుంచి పుంటికూర తెప్పించి వండింది. స్రవ్య రెండు ముద్దలు తిని వాకిట్లోకి పరుగెత్తింది.

"బజారు కూర ఎట్ల దిగుతది? నాయనమ్మ కూరంటె నాయనమ్మ మట్టి గావాలె," అన్నాడు గుండయ్య. ఇంకొన్నాళ్లలో తన బకెట్‌లో కూర కోతకు వస్తుందని నాగమణమ్మ చెప్పబోయింది గానీ, ఆయన అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు.

షెడ్డులో తనతో పనిచేసిన ఎల్లేష్‌కు ట్రాలీ ఆటో ఉంది. దాంట్లో ఇద్దరూ పురానాపూల్ పోయారు. పాత వంతెన కమానుల కింద నుంచి మూసీ నల్లగా, అక్కడక్కడ నురగ కడుతూ పోతోంది. గుండయ్య గోడ వెంట దిగి, ముళ్లకంపలు తప్పించుకుంటూ చాలాసేపు వెతికాడు. చివరికి సగం కూరుకుపోయిన ఒక పలకబండ కనిపించింది. తల్లి కూర కట్టలు కడిగిన బండ. దాని పక్కనే కూర్చుని గడ్డపారతో తవ్వి, పిడికెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అంతే, తల్లి తడిసిన చీర కుచ్చెళ్లు, గంప కింద చుట్టకుదురు, మెడ మీద కారిన నీళ్లు అన్నీ కళ్లకు కట్టినట్టు వచ్చి నిలబడ్డాయి.

"అన్నా, నీళ్లు జూసినవా?" అన్నాడు ఎల్లేష్ ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని. "పట్నంల మోరీలన్ని గిండ్లనే. గీ మట్టి ఏం జేస్తవే?"

"నీళ్లు నిన్నటియి ఎల్లేషూ. మట్టి మా అమ్మ నాటిది."

ఎల్లేష్ బస్తా మూతి విప్పి పట్టుకున్నాడు. రెండు బస్తాలు నింపుకుని వచ్చారు.

ఇంటికొచ్చాక గుండయ్య ఆ మట్టిని తన ఎరువులో సగానికి సగం కలిపాడు. తన పద్ధతి ప్రకారం అన్ని పరీక్షలూ పెట్టాడు. చెయ్యి దూర్చి చూస్తే చల్లగా ఉంది. పిసికితే లడ్డూలా నిలిచి విడిపోయింది. వాసన గురించి చెప్పనే అక్కర్లేదు. గిలాసలో మెంతులు వేస్తే ముందెన్నడూ చూడనంత పచ్చగా మొలిచాయి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే మిగిలింది, అదేం తిన్నదని. అది మాత్రం ఆయన అడగలేదు. అడిగితే జవాబు తనకే తెలుసు. రంగులద్దే చోట్ల నీళ్లు, బ్యాటరీ దుకాణాల యాసిడ్, మోరీల మురుగు, ఇంకా ఏమేం ఆ నదిలో కలుస్తాయో ఆ ఒడ్డున పుట్టినవాడికి వేరే ఎవరో చెప్పాలా?

పెద్ద మట్టి గోలెం ఒకటి కొనుక్కొచ్చి, దాన్నిండా ఆ మట్టి పోసి, ఎర్రకాడ పుంటి గింజలు చల్లాడు. కూర విరగబడి వచ్చింది. నీళ్లు పోసినప్పుడల్లా గోలెం అడుగు నుంచి కారిన తడి మిద్దె మీద నీలంగా మెరిసే మరక చేసేది. గుండయ్య గుడ్డతో తుడిచేసేవాడు. ఒకసారి నాగమణమ్మ చూసి, "ఏందయ్యా గది?" అంటే, "మట్టి బలం," అన్నాడు. కింద స్రవ్య గంజి తాగుతూ, సగం కక్కుతూ రోజులు నెట్టుకొస్తోంది. "ఇంకెన్ని దినాలు బాపూ?" అని అడిగినప్పుడల్లా, "జర ఓపిక పట్టు బిడ్డా. ఒక్కసారి తింటే సాలు, ఇగ నీ నోటికి అన్ని రుచిస్తయి," అనేవాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు.

కూర కోద్దామనుకున్న రోజు పొద్దున గుండయ్య అక్క మాణిక్యమ్మ వచ్చింది. పురానాపూల్‌లోనే ఉంటుంది. మేనకోడలు ఏం తినడం లేదని తెలిసి చింతకాయ తొక్కు పట్టుకొచ్చింది. గుండయ్య ఆమెను కూర్చోనివ్వలేదు, చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. ఆమె మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కి, గోలెం ముందు నిలబడింది.

"ఏపుగ వచ్చింది తమ్మీ. మట్టేడిది?"

"నువ్వే వాసన జూసి జెప్పక్కా."

మాణిక్యమ్మ వంగి ఇంత మట్టి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే వదిలేసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"మూసీదా?"

"మన మడిదే. అమ్మ కూర కడిగే బండ పక్కపొంటి తవ్వి తెచ్చిన."

"ఎందుకు తెస్తివిరా గీ మట్టిని?"

"అమ్మ పుంటికూర గీ మట్టిల పండిందే గద."

మాణిక్యమ్మ పిట్టగోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"మడి కూర అమ్మ ఏనాడు నీకు వండి పెట్టలే తమ్మీ."

గుండయ్యకు అర్థం కాలేదు.

"నీకంటె ముందు బీరయ్య ఉండె గద," అంది ఆమె.

ఆ పేరు గుండయ్యకు తెలుసు. ఏటా పెత్రమాసనాడు, పోయినవాళ్లకు పెట్టుకునే వేళ, తల్లి తలుచుకునే అన్న పేరు. చిన్నప్పుడే పోయాడని తెలుసు. ఎట్లా పోయాడో ఎవరూ చెప్పలేదు, ఈయనా అడగలేదు.

"మడిల ముల్లంగి గుంజి, కొంగుకు తుడ్సి, అమ్మనే ఆని చేతికిచ్చింది. పొద్దుమూకినంక పట్టుకున్నయి వాంతులు, విరేచనాలు. తెల్లారెతలికి పిలగాడు లేడు. ముల్లంగితోని పోయిండో, నీళ్లతోని పోయిండో ఎవలకెర్క? అప్పటికెల్లి అమ్మ మడి కూర ఇంటి గడప దాటనియ్యలే."

"మరి మండిల అమ్మింది గద అక్కా."

"అమ్మింది. అమ్మకుంటె ఏం తిని బతుకుదుము? గంప నెత్తికెత్తుకునే ముందు రోజు దండం బెట్టేది. ఏ దేవునికి బెట్టేదో నాకు జెప్పలే."

గుండయ్య గోలెం అంచు పట్టుకున్నాడు. "మరి మనం తిన్నది?"

"ఇంటెనక బోళ్లు తోమే కాడ పగిలిన గోలెం ఉండె, యాదికి లేదా? పొయ్యిల బూడిద, కూరగాయ తొక్కలు, ఎండిన పేడ, ఏది దొరికితె అది అండ్ల ఏస్తుండె. బాయినీళ్లు పోస్తుండె. గా గోలెంల పుంటికూరనే నీ నోట్ల పెట్టింది."

గోలెం గుండయ్యకు గుర్తుంది. దాన్ని ఆయన చెత్త వేసే గోలెం అనుకున్నాడు. తల్లి చేతి పుంటికూర కోసం జీవితమంతా మూసీ వైపు చూసినవాడు, ఇంటి వెనక ఉన్న దాన్ని ఒక్కసారి కూడా తలుచుకోలేదు. కొడుకు పోయిన తర్వాత ఆ తల్లి అంత కష్టపడి ఏ మట్టినైతే పిల్లల నోటికి దూరం పెట్టిందో, ఆ మట్టినే తవ్వుకొచ్చి, ఎరువు కలిపి, కడుపుతో ఉన్న బిడ్డ కోసం సిద్ధం చేశాడు. మెంతులు మొలిచాయి కదా అనుకున్నాడు. ముల్లంగి కూడా బాగానే ఊరి ఉంటుంది.

కింద నుంచి స్రవ్య గొంతు వినిపించింది.

"బాపూ, కూర కోసినవా?"

గుండయ్య గోలెం ముందు కూర్చుని ఒక్కొక్క మొక్కా వేళ్లతో సహా పీకాడు. ఏ మేకకూ దొరక్కుండా సంచిలో మూట కట్టాడు. ఆ మట్టిని మాత్రం పారబోయలేదు. బతుకమ్మకు పనికొస్తుందని తర్వాత అందులో బంతినారు పోశాడు. పువ్వును ఎవరూ తినరు కదా.

మూట కట్టి లేచి, మెట్లు దిగి, నాగమణమ్మ డ్రమ్ము దగ్గరికి పోయాడు. మూత తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. పిడికెడు తీసి పిసికాడు. లడ్డూలా నిలిచి విడిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన ఉంది, ఇన్నాళ్లూ తనే చూడలేదు. మధ్యలో అరగని కోడిగుడ్డు పెంకు ముక్క ఒకటి తెల్లగా కనిపించింది. అదేం తిన్నదో ఎవరినీ అడగనక్కర్లేదు. ఈ ఇంట్లో వాళ్లు ఏం తిన్నారో అదే తిన్నది.

నాగమణమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నీ బకెట్ల కూర కొయ్యనా?" అన్నాడు.

"ఇన్ని దినాలు గదే సెప్తామని సూస్తి. నువ్వు ఇన్నవా?" అంది ఆమె. కోపంగా మొదలుపెట్టింది గానీ, ఆయన ముఖం చూసి కత్తిపీట తెచ్చి ముందు పెట్టింది.

బకెట్‌లో ఉన్నది గుప్పెడు కూరే. పచ్చిమిరపకాయలు, ఎల్లిపాయలు వేసి నాగమణమ్మ మగ్గబెట్టింది. మాణిక్యమ్మ కూర్చుని రొట్టెలు కొట్టింది. స్రవ్య గోడకు ఆనుకుని కూర్చుంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుంటుంటే ముగ్గురూ ఆమె వైపే చూశారు. ఆమె నమిలింది, మింగింది. కాసేపు ఆగింది. ఇంకో ముక్క తుంచుకుంది. రొట్టెలో సగం అయ్యాక చెంగుతో నుదురు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

గుండయ్య కూడా ఇంత కూర రొట్టె మీద పెట్టుకుని నోట్లో వేసుకున్నాడు. పులుపు ఉంది. చెవుల వెనక జివ్వుమంది కూడా. ఆ వెనకాల రావాల్సిన కమ్మదనం కోసం ఎదురు చూస్తూ మెల్లగా నమిలాడు. అది రాలేదు. పొయ్యిలో బూడిద ఈ డ్రమ్ములో లేదు, ఆ బావి లేదు, ఆ గోలెం లేదు, మండి నుంచి చెమటతో వచ్చి వండిపెట్టిన చెయ్యి లేదు. ఇంక ఏ మట్టిలో వేసినా అది రాదని ఆ ముద్దతో ఆయనకు తెలిసిపోయింది. మాణిక్యమ్మ తల వంచుకుని తింటోంది. ఆమెకూ తెలుసు.

"బాపూ," అంది స్రవ్య, "నాయనమ్మ కూర గిదేనా?"

నాగమణమ్మ గరిటె పట్టుకుని అట్లాగే ఆగింది. ఇన్నేళ్లుగా విన్న మాట మళ్లీ వినడానికి సిద్ధపడినట్టు చూపు దించుకుంది.

"గిదే బిడ్డా," అన్నాడు గుండయ్య.

అని, భార్య వైపు కంచం జరిపి, ఇంకొంచెం వేయమన్నాడు.